చెట్టుకేసి చూడమాకండి

నలభై నాలుగో ఏట నేను మోటారు సైకిలు నేర్చుకున్నానంటే మా పుట్టింటివాళ్లు ఇప్పటికీ నమ్మరు. వాళ్లదేం తప్పు లేదు లెండి. చిన్నప్పుడు సైకిలుతో సహా పంటకాలవలో పడి, నెల్లాళ్లు చేతికి కట్టు కట్టించుకుని, ఆనాటి నుంచీ రెండు చక్రాల వస్తువు కనిపిస్తే పక్కకి తప్పుకు నడిచే మనిషిని నేను. కాలేజీలో ఒక పద్యం మీద గంటసేపు మాట్లాడమంటే మాట్లాడతాను గాని, గేరు చేత్తో వేస్తారో కాలితో వేస్తారో కిందటి సంవత్సరం దాకా తెలియదు.

అలాంటిదాన్ని ఎందుకు నేర్చుకోవలసి వచ్చిందంటే, మా వారికి ఎడమకంటి చూపు మందగించింది. డాక్టరుగారు పరీక్షించి, "ఇక బండి నడపకండి" అని ఒక్క మాటలో తేల్చేశారు. మా ఇల్లు విస్సన్నపేటలో. మామగారి నాటి మామిడితోట ఊరికి ఆరు కిలోమీటర్ల అవతల. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు మేము ఎన్.టి.ఆర్. జిల్లాలోకి వచ్చాం, నూజివీడు ఏలూరు జిల్లాలోకి పోయింది. అయినా మా రసాలను ఎవరైనా నూజివీడు రసాలనే అంటారు. ఆ రసాలు కాపుకొచ్చాయంటే చైత్రం నుంచి జ్యేష్ఠం దాకా రోజూ ఎవరో ఒకరు తోటకు వెళ్లి రావాలి. లేకపోతే సగం కోతులకూ, సగం దారినపోయేవాళ్లకూ.

మా అబ్బాయికి పదిహేడో ఏడు. "నేను తీసుకుపోతానమ్మా నాన్నని" అన్నాడు. గేరు బండికి పద్ధెనిమిది నిండితేగాని లైసెన్సు ఇవ్వరు. పైగా 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు, మైనరు పిల్లవాడు బండితో నేరం చేస్తే తల్లిదండ్రులకు మూడేళ్లదాకా జైలు, 25,000 రూపాయల జరిమానా అని చేర్చారు. జైలు సంగతి అలా ఉంచండి. ఆ ముందు ఏడే మా క్లాసులో మూడో వరుసలో ఒక చోటు ఖాళీ అయింది. రాత్రిపూట, దీపం లేకుండా రోడ్డు పక్కన ఆపిన ట్రాక్టరు ట్రక్కు. పిల్లవాడి తలకు ఏమీ లేదు. ఆ తర్వాత చాలా రోజులు, హాజరు పిలుస్తూ ఆ నంబరు దగ్గరకు వచ్చేసరికి నా నోరు ఆగిపోయేది.

అబ్బాయి చేతికి తాళంచెవి ఇవ్వలేదు. నేనే తీసుకున్నాను.

గేరు లేని స్కూటరు కొనుక్కోరాదా అని మీరడుగుతారు. మా ఆడపడుచు కూడా అడిగింది. ఇంట్లో ఒక బండి పెట్టుకుని ఇంకో బండి కొనే స్తోమత మాకు లేదు. అదీగాక మా తోట దారి నిండా గతుకులు. చిన్న చక్రం కంటే పెద్ద చక్రమే గతుకును నయంగా దాటుతుంది.

గురువుగారు ఎవరనుకున్నారు? నా పాత శిష్యుడే. బస్టాండు దగ్గర మెకానిక్కు షెడ్డు పెట్టుకున్నాడు. ఇంటర్మీడియెట్‌లో తెలుగు ముప్పై అయిదు మార్కులతో గట్టెక్కినవాడు. ఎన్నాళ్ల నుంచి కాచుకుని ఉన్నాడో పాపం, నా మీద పగ బాగానే తీర్చుకున్నాడు. మొదటి రెండు రోజులూ ఇంజను స్టార్టు చేయనివ్వలేదు. బండిని పక్కనుంచి పట్టుకుని తోటలో నడిపించమన్నాడు. స్టాండు వేయడం, తీయడం, ఎక్కడం, దిగడం. నూరు కిలోలకు పైబడ్డ ఇనుము. అది ఎటు ఒరిగితే నా చేతిలో ఆగుతుందో, ఎటు ఒరిగితే ఆగదో ఒంటికి తెలియాలట. "ఆగనప్పుడు నడపటం గొప్ప కాదు మేడమ్, ఆగినప్పుడు పడకుండా ఉండటం గొప్ప" అన్నాడు. పోనీ అని నవ్వాను. తర్వాత నేను పడ్డ మూడుసార్లూ బండి ఆగి ఉన్నప్పుడే పడ్డాను.

మూడోనాడు క్లచ్చి. ఎడమచేతి పిడి మెల్లగా వదులుతుంటే, ఒకచోట ఇంజను గొంతు మారుతుంది, బండి ముందుకు లాగుతుంది. అక్కడ ఇంజనూ చక్రమూ కలుస్తాయన్నమాట. నాకు వెంటనే సంధి సూత్రాలు గుర్తుకొచ్చాయి. తొందరపడి వదిలానా, సంధి కుదరదు. వ్యాకరణంలోనైతే సంధి లేనిచోట యడాగమం వస్తుంది, ఇక్కడ బండి ఆగడం వస్తుంది. ఈ హాస్యం నా శిష్యుడికి చెబితే నవ్వలేదు. "ఆ కలిసేకాడ చెయ్యి నిలపండి మేడమ్" అన్నాడు, అంతే. ఒక పూటంతా ఆక్సిలరేటరు ముట్టుకోకుండా, క్లచ్చితోనే పదడుగులు ముందుకు పోవడం, ఆగడం. ఆ పూట నేర్చిందే తర్వాత సంతలోనూ, బస్టాండు దగ్గరా నన్ను కాచింది.

అసలు పాఠం అయిదోనాడు. మా తోటలో చెట్లు వరసలుగా ఉంటాయి. ఆ వరసల మధ్య మెలికలు తిరిగి రమ్మన్నాడు. మొదటి చెట్టు దాటాను. రెండో చెట్టు దగ్గరకు వస్తూనే, గుద్దుకుంటానేమోనని దాన్నే చూస్తున్నాను. తిన్నగా వెళ్లి దాన్నే గుద్దుకున్నాను. తోటంతా ఖాళీ, ఒక్క చెట్టు బోదె నా ముందున్నది, అక్కడికే పోయాను! వెనకనుంచి మా శిష్యుడి కేక: "చెట్టుకేసి చూడమాకండి మేడమ్, సందుకేసి చూడండి!"

ఇది చమత్కారం కాదు సుమండీ. నడిపేవాడి కన్ను ఎటు ఉంటే చేతులు అటే లాగుతాయి. భయపడ్డ కన్ను భయపెట్టినదాన్ని వదలదు. ఆ సాయంత్రం ఆలోచిస్తే తెలిసింది: ఈ విద్యలో భయం చెప్పేదంతా తప్పే. భయం చెట్టును చూడమంటుంది, సందు చూడాలి. భయం రెండు కాళ్లూ నేలకు ఆనించమంటుంది, కాళ్లు మెట్ల మీదే ఉండాలి. వేగంలో కుడికి తిరగాలంటే కుడిచేతి హ్యాండిలును కొంచెం ముందుకు నెట్టాలిట! ఎందుకురా అంటే, "ఏమో మేడమ్, అట్టాగే తిరుగుద్ది" అన్నాడు. విమానం కనిపెట్టిన అన్నదమ్ములలో పెద్దవాడు విల్బర్ రైట్ సైకిళ్ల వ్యాపారి కూడాను. సైకిలు ఎడమకు ఎలా తిప్పుతారని చాలామందిని అడిగితే, ఒక్కరూ మొదటిసారే సరిగ్గా చెప్పలేకపోయారన్నాడాయన. కనుక నా శిష్యుడికి ఆ మార్కులు తగ్గించలేదు.

బ్రేకు విషయంలో భయం మరీ అన్యాయం చేస్తుంది. ముందు బ్రేకు పడితే తలకిందులుగా పడతామని మా వీధిలో అందరూ చెప్పారు. నిజానికి బండి ఆగేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది. ఆపే శక్తి ఎక్కువ భాగం అక్కడే ఉంటుంది. వెనక బ్రేకు ఒక్కటే తొక్కితే చక్రం బిగుసుకుని బండి జారుతుంది. అయితే ముందు బ్రేకును పాము పీక పట్టినట్టు పట్టకూడదు. నిమ్మకాయ పిండినట్టు క్రమంగా పిండాలి. బండి నిటారుగా ఉండాలి. ఇసుకలో మరీ మెత్తగా. 2019 ఏప్రిల్ నుంచి అమ్మే కొత్త బండ్లకు, 125 సీసీ దాటితే చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్, అంతకు లోపైతే అది గాని, రెండు బ్రేకులూ కలిసి పడే ఏర్పాటు గాని ఉండాలన్నారు. మాది అంతకు ముందుది. దానికి తెలివి లేదు గనుక నేనే తెచ్చుకోవాలి. దారికి అడ్డంగా ఒక వేపకొమ్మ పడేసి, రోజూ ఇరవైసార్లు దాని ముందు ఆగాను. గంటకు 40 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 11 మీటర్లు. ఆలోచించుకునే వ్యవధి ఎక్కడిది? ఆలోచన తోటలోనే అయిపోవాలి.

ఇక శిరస్త్రాణం. మా అత్తగారు దాన్ని 'గుండిగ' అంటారు. అరేబియా లారెన్స్ పేరు వినే ఉంటారు. 'ఒడిస్సీ'ని ఇంగ్లీషులోకి అనువదించిన పండితుడు కూడా ఆయన. 1935 మేలో మోటారు సైకిలు మీద పోతూ, సైకిళ్ల మీద వస్తున్న ఇద్దరు కుర్రాళ్లను తప్పించబోయి పడి, ఆరు రోజులు స్పృహ లేకుండా ఉండి పోయాడు. తలకు ఏమీ లేదు. అప్పటికి ఆయనకు 46 ఏళ్లు, నా కంటే రెండేళ్లే పెద్ద. చూసిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడున్నాడు. ఆయన తర్వాత మోటారు సైకిలు వాళ్ల తలగాయాలను పరిశీలించి, హెల్మెట్టు ప్రాణం కాపాడుతుందని 1941లో వ్యాసం ప్రచురించాడు. ఇది చదివిన నాటి నుంచి అత్తగారి గుండిగను ఇంటి దగ్గరే బోర్లించుకుని, గడ్డం కింద పట్టీ బిగించుకునే బయలుదేరుతున్నాను. చున్నీ కొసలు రెండూ నడుముకు ముడి. మా వారికీ ఒక గుండిగ కొన్నాం. చట్టం వెనక కూర్చున్నవాళ్లకూ వర్తిస్తుంది.

లర్నరు లైసెన్సు చేతికొచ్చాక ముప్పై రోజులు ఆగితేగాని పరీక్షకు వెళ్లనివ్వరు. నేను రెండు నెలలు ఆగాను. పరీక్షలో '8' అంకె వేయమన్నారు. మా తోటలో చెట్ల మధ్య ఎన్ని ఎనిమిదులు వేశానో! ఆ పూట అది ఒక లెక్కలోకే రాలేదు.

మా వారిని వెనక ఎక్కించుకుని తోటకు పోవడం మొదలెట్టిన రెండో వారం. నూజివీడు రోడ్డు మీద మా ముందు కాయల ట్రేలు వేసుకుని ఒక ట్రాక్టరు పోతోంది. దాటిపోదామని కుడిచెయ్యి దురద పెట్టింది గాని, వెనకే దూరంగా ఉన్నాను. ట్రాక్టరు గతుకులో పడింది. పైవరస ట్రే ఒకటి జారి భళ్లున రోడ్డు మీద పగిలింది. బండెడు కాయలు నా దారికి అడ్డంగా దొర్లుతున్నాయి. వాటి మీద చక్రం ఎక్కిందా, ఇద్దరమూ రోడ్డు మీదే.

నేనేం చేశానో చెప్పలేను. చెయ్యి నిమ్మకాయ పిండుతోంది, అది మాత్రం తెలుసు. కాయల కేసి చూడలేదు. వాటికీ రోడ్డు అంచుకూ మధ్య మూరెడు సందు కనిపించింది. మెల్లగా దాని గుండా పోయి, అవతల మార్జినులో ఆగాను. అప్పుడు వణికాయి కాళ్లు.

వెనకనుంచి మా వారు, "ఏం, ఎందుకాపావ్?" అన్నారు. ఆయనకు సరిగా కనబడలేదు.

"ఏం లేదు. ఎవరివో కాయలు పడ్డాయి."

"రసాలా, బంగినపల్లా?" అన్నారు.

అబ్బాయికి వచ్చే శ్రావణానికి పద్ధెనిమిది నిండుతాయి. మొదటి రెండు రోజులూ ఇంజను స్టార్టు చేయనివ్వనని ఇప్పుడే చెప్పాను. మొహం మాడ్చుకుని తిరుగుతున్నాడు.