జపానులో శిశువికాసము: కనుగొనుటతో కర్తవ్యము తీరునా?

పసిబిడ్డల యారోగ్యమును కనిపెట్టి చూచుటలో జపాను దేశము పెక్కు దేశములకు మేలుబంతిగా నున్నది. గర్భవతియగు ప్రతి స్త్రీకిని తల్లిబిడ్డల యారోగ్య పుస్తకమొకటి యిచ్చు నాచారము అచ్చట 1948 నుండి నడచుచున్నది. మూడేండ్ల బిడ్డలకు వైద్యపరీక్ష 1961లోను, ఏడాదిన్నర బిడ్డలకు 1977లోను ఏర్పడినవి. పల్లెయైనను పట్టణమైనను స్థానిక ప్రభుత్వము ఈ రెండు పరీక్షలను జరిపి తీరవలెను. నూటికి తొంబదిమందికి పైగా బిడ్డలు వీనికి వచ్చుచున్నారు. మాట రాని బిడ్డ, పిలిచినను తిరిగి చూడని బిడ్డ, క్షణమైనను కుదురుగా నుండని బిడ్డ ఈ పరీక్షలలో నర్సుల కంట బడుటకు తగిన యవకాశము కలదు. అయినను అట్టి బిడ్డకు చేయూత దొరకుటకు నెలలు, ఒక్కొక్కయెడ సంవత్సరములు పట్టుచున్నవి. ఈ యాలస్యమునకు మూలమేమో విచారింపవలసియున్నది.

మొదట శాసనముల చరిత్రను చూతము. దేహమున లోపము గలవారికి 1949లోను, బుద్ధివికాసము మందగించినవారికి 1960లోను వేరువేరు శాసనములు పుట్టినవి. తెలివితేటలు కలిగియు ఇతరులతో కలియలేని బిడ్డ ఈ రెంటికిని చెందక నడుమ నిలిచిపోయెను. జపాను శాసనసభయగు డైట్ 2004 డిశంబరులో ఆమోదించి, 2005 ఏప్రిలు నుండి అమలునకు దెచ్చిన వికాసలోప సహాయ శాసనము ఈ కొఱతను తీర్చినది. ఆటిజమును, చదువుటయందో వ్రాయుటయందో లెక్కించుటయందో కలుగు ప్రత్యేకమైన యిబ్బందిని, మనసు నిలువని యతిచాంచల్యమును అది పేర్కొనినది. శిశుపరీక్షలలో వీనిని తొలిదశయందే కనుగొనుటకు శ్రద్ధ వహింపవలెనని స్థానిక ప్రభుత్వములకు విధించినది. 2016లో దానిని సవరించి, సహాయము ఎడతెగక సాగవలెననియు, సంఘము కల్పించు నడ్డంకులను గూడ తొలగింపవలెననియు చేర్చిరి. శాసనమునందు లోపము స్వల్పమే. లోపమెల్ల ఆచరణయందున్నది.

పరీక్ష ముగిసి యిల్లు చేరుసరికే అడ్డు మొదలగుచున్నది. "కొంతకాలము వేచి చూతము" అను మాట జపాను తల్లులకు చిరపరిచితము. తొందరపడి బిడ్డకొక పేరు పెట్టరాదను సంకోచము పరీక్షించువారిది. ఇరుగుపొరుగువారేమందురో యను వెరపు తల్లిదండ్రులది. ఈ రెండును కలిసి కాలమును హరించుచున్నవి. తెగించి వైద్యుని చెంతకు బోవుదమన్న, ఈ విద్యలో నారితేరిన వైద్యులు కొలదిమంది. 2017లో ప్రభుత్వ శాఖయే విచారణ జరుపగా, తాము చూచిన ప్రత్యేక వైద్యాలయములలో సుమారు సగమునందు తొలిదర్శనమునకే మూడు మాసములు, అంతకు మించియు వేచియుండవలసి వచ్చుచున్నదని తేలినది. పెద్దవారికి మూడు మాసములు స్వల్పకాలమే. మాటలు నేర్చు వయస్సునందున్న బిడ్డకు అది స్వల్పము కాదు. అదను దాటిన పిదప విత్తనము చల్లిన ఫలమేమో సేద్యము నెఱిగిన మన పాఠకులకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

పాఠశాలలయందీ జాప్యపు ఫలమెట్లున్నదో చూడుడు. 2022లో విద్యాశాఖ ప్రకటించిన విచారణ ప్రకారము ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలల సాధారణ తరగతులలో నూటికి 8.8 మంది పిల్లలు చదువునందో నడవడియందో చెప్పుకోదగిన యిబ్బంది పడుచున్నారు. ఇది ఉపాధ్యాయులు చెప్పినదే గాని వైద్యుల నిర్ణయము కాదు. అయినను ఆ పిల్లలలో ప్రత్యేక సహాయ మవసరమని పాఠశాలా సంఘములు నిర్ణయించినది నూటికి 28.7 మందికి మాత్రమే. తక్కినవారి యిబ్బంది ఉపాధ్యాయునకు తెలిసియున్నది, అంతటితో నిలిచిపోయినది.

ఇచ్చట నొక యాక్షేపణ కలదు. బిడ్డలందఱు నొకేరీతిగ నెదుగరు. ఆలస్యముగ మాటలు వచ్చిన బిడ్డ పిదప చక్కగ మాటలాడుట లేదా? ముందే ముద్ర వేసిన అది జన్మాంతము వదలదు గదా యని కొందరందురు. ఇది త్రోసిపుచ్చదగిన మాట కాదు. అయితే యీ వాదము పేరు పెట్టుటకు అడ్డు వచ్చునే గాని చేయూతకు అడ్డు రాదు. తల్లికి బిడ్డతో నాడు తీరును, మాటకు బదులు బొమ్మను జూపి బోధించు నుపాయమును నేర్పుటకు రోగనామ మెందులకు? ఆ బిడ్డ తరువాత తనంత తాను కోలుకొన్నచో కలిగిన నష్టమేమియు లేదు. జపానునందు సహాయపత్రము పొందుటకు రోగనిర్ణయము తప్పనిసరి కాదు. అవసరమున్నదని తేలిన చాలును. ఈ సంగతి తల్లిదండ్రులకు మొదటి పరీక్షనాడే తెలియజెప్పవలెను.

ప్రభుత్వము చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. నిపుణులు శిశుపాలనాలయములకే పోయి సహాయపడు పద్ధతి 2012లో నేర్పడినది. 2019 అక్టోబరు నుండి మూడు మొదలు అయిదేండ్ల బిడ్డలకు వికాస శిక్షణకై రుసుము లేకుండ జేసిరి. 2024 ఏప్రిలు నుండి శిశువికాస కేంద్రములను ఆయా ప్రాంతములకు మూలస్థానములుగా నిలిపిరి. అయిదేండ్ల బిడ్డలకును పరీక్ష జరుపు స్థానిక ప్రభుత్వములకు ధనసహాయము చేయుచున్నారు. బడిలో చేరుటకు ముందు నొక సంవత్సరము చేతిలో నుండునని దీని యుద్దేశము. ఉద్దేశము మంచిదే. కాని చేయూతనిచ్చు హస్తములు పెరుగక కనుగొను కన్నులు మాత్రమే పెరిగినయెడల వైద్యుని వాకిట వేచియుండువారి సంఖ్య పెరుగుట తప్ప వేఱు ప్రయోజనము కానరాదు.

మఱియొక ప్రమాదమును గూడ సూచింపవలసియున్నది. ముందుగా కనుగొనుట ముందుగా వేఱుచేయుటకు దారి కారాదు. ఐక్యరాజ్యసమితి సంఘము 2022లో జపాను విద్యావిధానమును పరిశీలించి, అంగవైకల్యముగల పిల్లలను వేఱుగ నుంచి బోధించుట మానవలెనని కోరినది. "మొక్కై వంగనిది మానై వంగునా" యని మనలో సామెత. కాని యిట్టి బిడ్డలను వంచి ఒక మూసలో పోయుట చేయూత కాదు. తోడి పిల్లల నడుమ తన తీరున దాను ఎదుగుటకు వలసిన తావు కల్పించుటయే చేయూత.

కావున మా యభిప్రాయము స్పష్టము. ధనమును శ్రద్ధను వ్యయపఱచునపుడు క్రొత్త పరీక్షలకంటె శిశుపాలనాలయములకు బోవు నిపుణులకు, అచ్చటి ఉపాధ్యాయినుల శిక్షణకు, తల్లిదండ్రులకు ధైర్యము చెప్పు సలహాదారులకు ముందు చోటీయవలెను. జననముల సంఖ్య 2022లో 8 లక్షలకు లోబడిన దేశమున ఒక్క బిడ్డనైనను గుమ్మమున వేచియుండ జేయుట తగదు. బిడ్డ యిబ్బందిని కనుగొన్న దినమే సహాయమును మొదలుకావలెను. ఆ రెంటి నడుమ నున్న దూరమును జపాను ప్రభుత్వము ఎంత తగ్గించునో దానినిబట్టియే 2004 నాటి శాసనము సఫలమైనదో కాదో నిర్ణయింపబడును.