నమ్మకం ఇంట్లో, రుజువు తరగతిలో



2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన భారత సైన్స్ కాంగ్రెస్‌లో, ఆంధ్రా విశ్వవిద్యాలయం అప్పటి ఉపకులపతి జి. నాగేశ్వరరావు గారు జీవ పరిణామాన్ని డార్విన్ కంటే దశావతారాలే బాగా వివరిస్తాయన్నారు. చేప, తాబేలు, వరాహం, నరసింహం, ఆపైన మనిషి. వరుస సరిపోయింది గదా అని మనలోనూ చాలామంది అనుకుంటారు. వారిని ఎగతాళి చేయనక్కరలేదు. మాటను తూకం వేద్దాం.

చీటీ మీద నలభై కౌంటు అని రాసి ఉంటే నమ్మి ఊరుకుంటామా? లీ చుట్టి తూస్తాం. తేడా వస్తే చీటీదే తప్పు. సైన్సు పద్ధతీ అంతే.

పత్తి చేనే చూడండి. 2002లో మన దేశంలో బి.టి. పత్తికి అనుమతి వచ్చింది. కాయతొలుచు పురుగును చంపే విషం ఆ మొక్కలోనే ఉంటుంది. లక్షల పురుగుల్లో దాన్ని తట్టుకునేవి ఏ కొన్నో ఉంటాయి. మిగతావి చస్తాయి, ఇవి బతికి గుడ్లు పెడతాయి. ఆ గుణం పిల్లలకూ వస్తుంది. గుజరాత్‌లో గులాబీ రంగు పురుగు ఆ పత్తికి లొంగడం లేదని 2010లో విత్తనాల కంపెనీయే ఒప్పుకుంది. డార్విన్ 1859లో చెప్పిన ప్రకృతి వరణం ఇదే. నేటి కోతి మనిషి అయిందని సైన్సు చెప్పదు. కోతులకూ మనకూ పూర్వీకులు ఒకరేనంటుంది.

ఇక మన చాంపియన్ రీఫ్స్ రాయి. దీని వయస్సు సుమారు 270 కోట్ల సంవత్సరాలు. ఇంత పాత రాళ్లలో, లోకంలో ఎక్కడ తవ్వినా, ఎముకలున్న జంతువు జాడ లేదు. ఎంతో తర్వాతి రాతిలో, పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర, కోటాసారస్ అనే రాక్షసబల్లి ఎముకలు దొరికాయి. వాటి పక్కన మనిషి ఎముక లేదు. ఈ వరుస తప్పితే సిద్ధాంతాన్నే మార్చుకోవాలి. దశావతారాలకు ఇలాంటి పరీక్ష ఏది? చేపే తాబేలైందని పురాణమూ చెప్పలేదు. అవి భగవంతుని అవతారాలంది. దాన్ని సైన్సుగా చదివితే రెంటికీ అన్యాయమే.

ఇందులో మనకు నష్టమేమిటంటారా? 2023లో ఎన్.సి.ఇ.ఆర్.టి. పదో తరగతి సైన్సు పుస్తకం నుండి పరిణామం పాఠాన్ని తీసేసింది. 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు అభ్యంతరం చెప్పారు. పన్నెండో తరగతిలో ఉంది గదా అని సమాధానం వచ్చింది. పదితో చదువు ఆపి ఐ.టి.ఐ.కో మిల్లుకో వెళ్లే పిల్లల మాటేమిటి? వాళ్లు మన పిల్లలే!

ఆయుధపూజ నాడు మగ్గానికి పసుపు కుంకుమ పెడతాం. మర్నాడు మగ్గం ఆగితే ఫిట్టర్‌నే పిలుస్తాం. ఈ వివేకం చాలు. 2001లో మూతపడిన మన గని లోతులోనే 1965లో శాస్త్రవేత్తలు న్యూట్రినోల జాడ పట్టారు. సైన్సు పరాయివాళ్ల సొత్తు కాదు. ఈసారి బడికి వెళ్లినప్పుడు మేష్టారిని అడగండి: పరిణామం పాఠం మా పిల్లలకు చెబుతున్నారా?