చిన్నపేగు గుట్టు తెలిపే స్కానింగ్‌.. పేదరోగికి చేరువయ్యేదెప్పుడు?

విశాఖపట్నం: సుమారు ఆరు మీటర్ల పొడవుండే చిన్నపేగు వైద్యులకు చిరకాలం కొరుకుడుపడని అవయవంగానే మిగిలింది. నోటి ద్వారా పంపే ఎండోస్కోపు జీర్ణాశయాన్ని దాటి కొద్దిదూరమే వెళ్లగలదు. మలద్వారం ద్వారా పంపే కొలనోస్కోపు చిన్నపేగు చివరి భాగాన్ని మాత్రమే తాకగలదు. నడుమనున్న భాగంలో పుండు పడినా, పేగు ఇరుకైనా కనుగొనడం కష్టమయ్యేది. ఈ లోటును రేడియాలజీ చాలావరకు తీర్చింది. అయితే ఆ ఫలితం ఉత్తరాంధ్ర పేదరోగికి ఏ మేరకు అందుతున్నదన్నదే ప్రశ్న.

బేరియం నుంచి ఎంఆర్‌ఐ వరకు

1895లో రాంట్‌జెన్‌ ఎక్స్‌రేను కనుగొన్న తరువాత, బేరియం ద్రవాన్ని తాగించి వరుసగా ఎక్స్‌రేలు తీయడమే దశాబ్దాలపాటు ఏకైక మార్గమైంది. పేగు లోపలి ఆకారం అందులో కనిపించేదే తప్ప గోడ మందం, చుట్టూ ఉన్న గ్రంథులు తెలిసేవి కావు. సీటీ ఎంటరోగ్రఫీ ఈ కొరతను తీర్చింది. రోగిచేత దాదాపు ముప్పావు గంటసేపు మానిటాల్‌ వంటి ద్రవాన్ని లీటరుకు పైగా తాగించి, పేగును ఉబ్బేలా చేసి, రక్తనాళంలోకి అయోడిన్‌ మందు ఎక్కించి స్కాన్‌ తీస్తారు. దీంతో పేగు గోడలో వాపు, ఇరుకు, రంధ్రం, చీము గడ్డ స్పష్టమవుతాయి. ఎంఆర్‌ ఎంటరోగ్రఫీలో రేడియేషన్‌ ఉండదు. పదేపదే పరీక్షలు అవసరమయ్యే యువకులకు, పిల్లలకు ఇది మేలు. సమయం, ఖర్చు మాత్రం ఎక్కువ.

క్షయా? క్రోన్స్‌ వ్యాధా?

మన ప్రాంతంలో ఈ పరీక్షలకు ప్రత్యేక ప్రాధాన్యముంది. ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగోవంతు మంది భారతదేశంలోనే ఉన్నారు. క్షయ ఊపిరితిత్తులకే పరిమితం కాదు. చిన్నపేగు, పెద్దపేగు కలిసేచోట తరచుగా తిష్ఠవేస్తుంది. క్రోన్స్‌ వ్యాధి కూడా ఎక్కువగా అక్కడే కనిపిస్తుంది. కడుపునొప్పి, జ్వరం, బరువు తగ్గడం రెండింటిలోనూ సమానమే. చికిత్సలు మాత్రం పరస్పర విరుద్ధం. క్షయను క్రోన్స్‌గా పొరబడి స్టెరాయిడ్లు ఇస్తే వ్యాధి విజృంభిస్తుంది. క్రోన్స్‌ను క్షయగా భావించి మందులిస్తే నెలల కాలం వృథా అవుతుంది.

మధ్యభాగం కుళ్లిన గ్రంథులు, పొట్టలో నీరు కనిపిస్తే క్షయ వైపు. పేగు పలుచోట్ల దెబ్బతిని, నడుమ ఆరోగ్యకరమైన భాగాలు మిగిలి ఉంటే క్రోన్స్‌ వైపు అనుమానం మొగ్గుతుంది. అంతిమ నిర్ధారణకు ముక్క పరీక్ష తప్పనిసరి. స్కాన్‌ తీర్పు చెప్పదు, దారి చూపుతుంది.

మాత్ర మింగే ముందు

2001లో అమెరికాలో అనుమతి పొందిన క్యాప్సూల్‌ ఎండోస్కోపీ మరో మలుపు. మింగిన చిన్న కెమెరా పేగు పొడవునా ప్రయాణిస్తూ వేలాది చిత్రాలు తీస్తుంది. అకారణ రక్తస్రావాన్ని కనిపెట్టడంలో ఇది మేటి. అయితే పేగు ఇరుకై ఉంటే క్యాప్సూల్‌ అక్కడే చిక్కుకుని శస్త్రచికిత్సకు దారితీయవచ్చు. పేగు క్షయ ఎక్కువగా ఉన్నచోట ముందుగా స్కాన్‌ చేయడం అందుకే అవసరం. కొత్త సాధనం వచ్చినంత మాత్రాన పాతది అక్కరకు రాకుండా పోదనేందుకు ఇదే నిదర్శనం.

యంత్రం ఉంటే చాలదు

1923లో ప్రారంభమైన కింగ్‌జార్జ్‌ ఆస్పత్రి నేటికీ శ్రీకాకుళం, విజయనగరం, మన్యం ప్రజలకే గాక ఒడిశా సరిహద్దు గ్రామాలకూ పెద్దదిక్కు. పాడేరు నుంచి విశాఖకు వంద కిలోమీటర్లకు పైగా దూరం. ఖాళీ కడుపుతో రావాలని, కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష ముందే చేయించుకోవాలని తెలియక వచ్చిన గిరిజనుడు తిరిగి వెళ్లాల్సివస్తే ఒక రోజు కూలీ, దారిఖర్చు రెండూ పోయినట్లే. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ప్రస్తుతం ఎన్టీఆర్‌ వైద్యసేవగా సాగుతున్న పథకం ప్రధానంగా ఆస్పత్రిలో చేరి పొందే చికిత్సలకు ఉద్దేశించినది. వ్యాధి తేలకముందు ప్రైవేటు కేంద్రాల్లో చేయించుకునే పరీక్షల భారం సాధారణంగా రోగిదే.

ఉక్కు కర్మాగారం సమీపాన వైద్యపరికరాల తయారీకి మెడ్‌టెక్‌ జోన్‌ 2018లో ప్రారంభమైన నగరమిది. పరికరాలు తయారయ్యే ఊరికి కూతవేటు దూరంలోని రోగికి పరీక్ష అందని పండు కారాదు. పెద్ద పెట్టుబడి లేకుండానే చేయదగిన పనులున్నాయి. ఏరియా ఆస్పత్రుల్లో అల్ట్రాసౌండ్‌తో తొలి వడపోత జరగాలి. అనుమానితులకు రక్తపరీక్షలు అక్కడే పూర్తిచేసి, ముందుగానే తేదీ ఖరారుచేసి పంపాలి. పెద్దాస్పత్రిలో పేగు స్కాన్లకు వారంలో నిర్ణీత రోజులు కేటాయించాలి. రోగులు సైతం పాత ఫిల్ములు, నివేదికలు వెంట తెచ్చుకోవాలి. నెలల తరబడి కడుపునొప్పి, బరువు తగ్గడం, సాయంకాలపు జ్వరం ఉంటే గ్యాస్‌ మాత్రలతో సరిపెట్టుకోక వైద్యుని సంప్రదించాలి. సకాలంలో గుర్తిస్తే పేగు క్షయ మందులతో నయమయ్యే వ్యాధి. ఆలస్యమైతే అదే పేగు మూసుకుపోయి శస్త్రచికిత్స బల్లపైకి చేరుస్తుంది.