ఋతువుల పాఠం ఎండలో చెప్పాలి

బాలలూ! మీ సైన్సు నోటుబుక్కులో ఋతువుల పాఠం దగ్గర ఒక బొమ్మ ఉంటుంది. నడుమ సూర్యుడు, చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో ఒక గీత, ఆ గీత మీద నాలుగు చోట్ల నాలుగు భూములు. ఎన్నో ఏళ్ళుగా ఆ బొమ్మను దిద్దుతున్నాను. చక్కగా గీసి, రంగులు వేసి, పేర్లు రాసినవారికి పూర్తి మార్కులు వేశాను. అలా మార్కులు తెచ్చుకున్నవారినే నిలబెట్టి "ఎండాకాలంలో ఎండ ఎందుకు ఎక్కువ?" అని అడిగితే మాత్రం సగం తరగతి చెప్పే జవాబు ఒకటే: "అప్పుడు భూమి సూర్యుడికి దగ్గరగా పోతుంది సార్!"

ఈ జవాబు తప్పు. అయితే తప్పు పిల్లలది కాదు. ఆ బొమ్మది, ఆ బొమ్మతోనే పాఠం ముగించే మాలాంటి ఉపాధ్యాయులది. కొన్నేళ్ళ క్రితం తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె లేచి, "అట్లయితే డిసెంబరులో మెల్‌బోర్న్‌లో క్రికెట్ ఆడేటప్పుడు వాళ్ళకు ఎండాకాలం, మనకు చలికాలం ఎట్ల సార్? ఇద్దరం ఉండేది ఒకే భూమి మీద గదా?" అని అడిగింది. అంతవరకు నాకు నేను ఎన్నడూ వేసుకోని ప్రశ్న అది. ఆ రోజు గంట కొట్టడం నా అదృష్టం.

నిజానికి భూమి సూర్యుడికి అతి దగ్గరగా ఉండేది జనవరి మొదటి వారంలో. అప్పుడు దూరం సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు. అతి దూరంగా ఉండేది జూలై మొదటి వారంలో, సుమారు 15.2 కోట్ల కిలోమీటర్లు. వృత్తలేఖిని తీసుకొని 10 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో ఒక వృత్తం గీయండి. సూర్యుణ్ణి కేంద్రం నుంచి 1.7 మిల్లీమీటర్లు పక్కకు జరపండి. భూమి కక్ష్య దాదాపు అదే! కోడిగుడ్డు ఎక్కడా లేదు. పుస్తకంలో కక్ష్యను ఏటవాలుగా చూసినట్టు గీస్తారు కనుక అలా కనబడుతుంది. ఆ ముక్క బొమ్మ కింద రాసి ఉండగా నేను చూడలేదు.

దగ్గరగా ఉన్నందువల్ల జనవరిలో భూమి మొత్తానికి అందే ఎండ, జూలైలో కంటె సుమారు 7 శాతం ఎక్కువే. అయినా ఆ నెలలో మనం తెల్లవారుజామున దుప్పటి వదలం. కారణం తెలుసుకోవడానికి రంగుల బొమ్మ అక్కరలేదు, ఒక కర్ర చాలు.

నేల మీద సరిగ్గా ఒక మీటరు ఎత్తు ఉండేలా కర్ర పాతండి. దారానికి రాయి కట్టి వేలాడదీసి, కర్ర నిటారుగా ఉందో లేదో సరిచూడండి. మన ఇళ్ళ ముందు బేతంచెర్ల బండలో కడప బండలో పరిచి ఉంటాయి గదా, వాటి మీద నీడ కొసను సుద్దముక్కతో గుర్తు పెట్టడం సులువు. మధ్యాహ్నం 12 నుంచి 12-40 వరకు అయిదు నిమిషాలకొకసారి గుర్తు పెట్టండి. అన్నిటికంటె పొట్టి నీడ పడినదే అసలైన మధ్యాహ్నం. అది సాధారణంగా పన్నెండుంబావు ప్రాంతంలో వస్తుంది. మన గడియారాలు నడిచేది కాకినాడ పక్కగా పోయే 82½ డిగ్రీల రేఖాంశం లెక్కన. మనం దానికి పడమర ఉన్నాం కనుక సూర్యుడు మన నడినెత్తికి కొంత ఆలస్యంగా వస్తాడు.

కర్నూలులో డిసెంబరు 22న ఈ పొట్టి నీడ ఉత్తరం వైపు 82 సెంటీమీటర్లు ఉంటుంది. మార్చి 21 నాటికి 28 సెంటీమీటర్లకు తగ్గుతుంది. మే 4 ప్రాంతంలో నీడే ఉండదు! ఆ తర్వాత అది దక్షిణం వైపు పడడం మొదలుపెట్టి, జూన్ 21 నాటికి 13 సెంటీమీటర్లు అవుతుంది. మన సూర్యుడు ఎప్పుడూ దక్షిణంగానే వాలి ఉంటాడనుకునే పెద్దలకు ఈ నీడ చూపించండి. కడపలోనైతే డిసెంబరులో 78, జూన్‌లో 16. ఒకే పొడవు కర్రకు రెండు ఊళ్ళలో రెండు నీడలు పడటానికి కారణం భూమి గుండ్రంగా ఉండటమే. ఇటువంటి తేడాతోనే 2200 ఏళ్ళకు పూర్వం ఈజిప్టులో ఎరటోస్తనీస్ భూమి చుట్టుకొలతను లెక్కగట్టాడు.

భూమి అక్షం 23½ డిగ్రీలు వాలి ఉండి, ఏడాది పొడవునా ఒకే దిక్కుకు చూస్తుంది. కనుక జూన్‌లో ఉత్తరార్ధం సూర్యుడి వైపు, డిసెంబరులో దక్షిణార్ధం సూర్యుడి వైపు వాలుతాయి. ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు ఇదే. డిసెంబరు మధ్యాహ్నం కిరణాలు ఏటవాలుగా పడటంతో కర్నూలు నేలకు, నడినెత్తి ఎండలో నాలుగింట మూడు వంతులే దక్కుతుంది. పగలు కూడా 11 గంటల పైచిలుకే. జూన్‌లో 13 గంటలు. ఇంత తేడా ముందు ఆ 7 శాతం నిలబడుతుందా?

మే 4న సూర్యుడు నడినెత్తిన ఉంటే, రోళ్ళు పగిలే రోహిణీ కార్తె మే నెలాఖరున ఎందుకు వస్తుందని మీరు అడగాలి. మధ్యాహ్నం పన్నెండు కంటె మూడు గంటలకు నేల ఎక్కువ కాలదా? ఇదీ అంతే.

ఇంకొక మాట. సంక్రాంతి నాడు ఉత్తరాయణం మొదలవుతుందంటారు. పండుగ చేసుకోండి, అరిసెలు తినండి, కాని నీడ కూడా కొలవండి. జనవరి 14కు కర్నూలు నీడ 82 నుంచి 76కు తగ్గిపోయి ఉంటుంది. అనగా సూర్యుడు అప్పటికే మూడు వారాలుగా ఉత్తరానికి నడుస్తున్నాడు. మన పెద్దలు లెక్క తప్పలేదు. వారు నక్షత్రాలను బట్టి రాశి లెక్క కట్టారు. బొంగరం తల తిప్పినట్టు భూమి అక్షం సుమారు 26 వేల ఏళ్ళకొక చుట్టు తిరుగుతుంది. అందువల్ల సుమారు 1700 ఏళ్ళ కిందట కలిసి ఉన్న రెండు రోజులు విడిపోయాయి.

చంద్రకళలకూ ఒక్క నిమ్మకాయ చాలు. భూమి నీడ పడి చంద్రుడు తరుగుతాడని మీలో చాలామంది రాస్తారు. శుక్లపక్ష అష్టమి నాటి సాయంత్రం నాలుగు గంటలకు, ఎండలో నిలబడి నిమ్మకాయను చంద్రుడి పక్కనే కనబడేలా చేయి చాచి పట్టుకోండి. రెండూ ఒకే వైపు సగం వెలుగుతాయి. భూమి నీడ సూర్యుడికి ఎదురు దిక్కున ఉండగా, పక్కనున్న చంద్రుడి మీద ఎలా పడుతుంది?

ఆటుపోట్ల పాఠం నాడు ఒక అబ్బాయి, సంగమేశ్వరం గుడి మునిగి తేలడం కూడా పోటేనా అని అడిగాడు. నంద్యాల జిల్లాలో ఉన్న ఆ గుడి శ్రీశైలం జలాశయంలో సాధారణంగా వానాకాలంలో మునిగి, వేసవికి బయటపడుతుంది. కాదు నాయనా, చంద్రుడు తెచ్చే పోటు సముద్రంలో సుమారు 12 గంటల 25 నిమిషాలకొకసారి వస్తుంది, జలాశయం అందుకు మరీ చిన్నది అన్నాను. సంగమేశ్వరానిది ఏడాదికొక్క పోటు. అది భూమి వాలుది. వేసవిలో నేల కాగితే నైరుతి గాలులు వస్తాయి, పడమటి కనుమల మీద కురుస్తాయి, కృష్ణా తుంగభద్రలు పొంగుతాయి. మన కర్ర నీడ దక్షిణానికి పడే మూడు నెలల చివర్లోనే సాధారణంగా ఆ గుడి మునుగుతుంది.

సిలబస్ పూర్తి కావద్దా అని తోటి ఉపాధ్యాయులు నన్ను అడుగుతారు. రోజూ కాదు, వారానికొక్కసారి పది నిమిషాలు చాలునంటాను. నా మట్టుకు నేను ఋతువుల బొమ్మకు రెండు మార్కులు, ఏడాది నీడల పుస్తకానికి ఎనిమిది మార్కులు ఇవ్వాలంటాను. కోస్తా పిల్లలకు సముద్రం ఉంది. మనకు ఎండకు కరువా?

చిక్కల్లా నీడ మాయమయ్యే రోజు వేసవి సెలవుల్లో రావడం. అందుకే ఇప్పుడే చెబుతున్నాను. కడప పిల్లలు ఏప్రిల్ చివరి రెండు రోజుల్లో, కర్నూలు పిల్లలు మే 4కు అటూ ఇటూగా, తలకు తువ్వాలు చుట్టుకొని, పన్నెండుంబావుకు వాకిట్లో రోకలి నిలబెట్టి చూడండి. సూర్యుణ్ణి మాత్రం చూడకండి, నేలనే చూడండి. రోకలి నీడ రోకలి కిందకే దూరిపోతుంది. ఏ తేదీన, ఎన్ని గంటలకు అన్నది రాసి, జూన్‌లో బడి తెరిచినప్పుడు మీ మాస్టారికి ఇవ్వండి. ఆగస్టులోనూ ఇదే మళ్ళీ జరుగుతుంది, కర్నూలులో 8 ప్రాంతంలో, కడపలో 13 ప్రాంతంలో. ఆ రోజు మబ్బు పట్టకపోతే తరగతి మొత్తాన్ని బయటికి తీసుకుపొమ్మని ఆయన్ను అడగండి.