మిశ్రమమా? సమ్మేళనమా?

పెట్టుబడిదారీ వ్యవస్థ తరువాత రాగలదేమిటన్న ప్రశ్నకు సింగపూర్ ఒక ప్రయోగశాల. ఇక్కడ 1960లో ప్రభుత్వ గృహనిర్మాణ మండలి ఏర్పడింది. 1966 నాటి భూసేకరణ చట్టం ఆ నిర్మాణానికి నేలను సమకూర్చింది. ధరలు పెరుగుతున్న 1973లో కార్మిక సంఘాలు తెరచిన సహకార దుకాణమే నేటి ఫెయిర్‌ప్రైస్‌కు మూలం.

అయితే 99 ఏళ్ల కౌలుపై ప్రభుత్వమిచ్చిన ఇల్లు, తిరిగి అమ్మేవేళ విపణిలో సరుకే. 2012లో అటువంటి ఫ్లాటొకటి పది లక్షల డాలర్లు పలికింది.

మిశ్రమంలో ప్రతి పదార్థమూ తన గుణాన్ని నిలుపుకుంటుంది. సమ్మేళనంలో కొత్త గుణం జనిస్తుంది. సింగపూర్‌ది ఇంకా మిశ్రమమే. తన ఫ్లాటు ధర పెరగాలనీ, పిల్లలు కొనబోయేది చవకగా దొరకాలనీ ఒకే కుటుంబం కోరుకున్నంతకాలం సమ్మేళనం సిద్ధించదు.