వాన నిలిపినచోట నిలుచుటయు యాత్రయే

వర్షాకాలమున ఒంటరిగా సైకిలుపై వందల కిలోమీటర్లు పయనించు యువకులు నేడు తెలుగునాట అరుదు కారు. వారిలో పెక్కురి మనస్సున ఒక భావన స్థిరపడియున్నది: కుండపోతగా కురియుచున్నను ఆగక త్రొక్కువాడే ధీరుడు, చూరు క్రింద నిలిచినవాడు ఓడినవాడు. ఈ మొండిపట్టునకు కొందరు ‘తపస్సు’ అనియు, ‘తితిక్ష’ అనియు శాస్త్రనామములను తగిలించుచున్నారు. ఆ రెండు పదములకును ఇది అన్యాయము, యాత్రికునకు ప్రమాదము.

ఈ భావనకు మూలము వెదకినచో గడియారము కనబడును. దీర్ఘదూర సైకిలు సవారీకి ఫ్రాన్సు దేశమున పుట్టిన ‘బ్రెవే’ సంప్రదాయము నిశ్చితమైన గడువులను విధించినది: 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషములు, 300కు 20 గంటలు, 400కు 27 గంటలు, 600కు 40 గంటలు. 1891లో మొదలైన పారిస్–బ్రెస్ట్–పారిస్ యాత్రలో నేడు సుమారు 1200 కిలోమీటర్లకు 90 గంటలు గరిష్ఠమైన గడువు. ఆ నియమమును స్వీకరించి బరిలోనికి దిగినవానికి గడువు సంకల్పములోని భాగమే. దానిని తప్పుపట్ట పనిలేదు. కాని ఒంటరిగా దేశము చూడ బయలుదేరినవానికి గడువు విధించినవారెవరు? తన మెడకు తానే గడియారమును కట్టుకొని, దానికి తానే దాసుడై, ఆ దాస్యమునకు వ్రతమని పేరు పెట్టుకొనుచున్నాడు.

శ్రావణమాసమున ఒక యువకుడు భాగ్యనగరమునుండి మహబూబ్‌నగరు, మక్తల్, రాయచూరుల మీదుగా హంపీకి బయలుదేరినాడనుకొందము. కృష్ణ దాటిన పిమ్మట వాన పట్టుకొన్నది. తొలిజల్లునకు రోడ్డుపై పేరుకొన్న నూనెజిడ్డు పైకి తేలి చక్రము జారును. తెల్లగీతలు, రైలుపట్టాలు, వంతెనల ఇనుపకీళ్లు అద్దమువలె నునుపెక్కును. రిమ్మును పట్టు బ్రేకులు తడిసినచో సైకిలు ఆగవలసినచోట ఆగదు. నీటిమడుగు క్రింద గుంత యెంత లోతో కంటికి తెలియదు. తారు అంచు దిగినచో నల్లరేగడి మట్టి జిగురువలె చక్రమునకును మడ్‌గార్డునకును నడుమ చిక్కుకొని చక్రమును తిరుగనీయదు. వెనుకనుండి వచ్చు లారీ డ్రైవరునకు ఆ వానతెరలో సైకిలు కానరాదు. ఒంటరివాడు పడినచో లేపువాడు లేడు. ఇవి ధైర్యమునకు లొంగు విషయములు కావు.

భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయము ఏ కర్మ సిద్ధించుటకైనను ఐదు కారణములను చెప్పినది: అధిష్ఠానము, కర్త, కరణములు, చేష్టలు, దైవము. సైకిలు యాత్రకు ఇవి చక్కగా అన్వయించును. శరీరము అధిష్ఠానము; ‘నేను త్రొక్కుచున్నాను’ అను అభిమానము గలవాడు కర్త; ఇంద్రియములును, వానికి తోడైన సైకిలును కరణములు; త్రొక్కుట, మళ్లించుట, ఊపిరి తీయుట చేష్టలు. ఎండకాయు దినమున ఈ నాలుగే కనబడును. నూరు కిలోమీటర్లు ముగిసిన సాయంకాలమున ‘నేనే చేసితిని’ అనుకొనుట సులభము. ఐదవదైన దైవము వానదినమున ముఖాముఖి నిలుచును. కాళ్లలో బలమున్నది, సైకిలు నిక్షేపముగా ఉన్నది, మార్గము తెలిసినదే. అయినను యాత్ర సాగదు. కర్తృత్వాభిమానమును సడలించుటకు ఇంతకంటె సులభమైన పాఠము దొరకదు. దానిని వినక తలవంచి త్రొక్కుకొనిపోవువాడు, గురువు ఇంటికి వచ్చినను తలుపు తీయనివానివంటివాడు.

ఇక తితిక్ష. శమాది షట్కసంపత్తిలో అది యొకటి. దుఃఖములను ప్రతీకారము లేక, చింతయు విలాపమును లేక సహించుట తితిక్షయని వివేకచూడామణి నిర్వచనము. వానకోటు ధరించుట, చూరు క్రింద నిలుచుట కూడ ప్రతీకారమే కదా అను ప్రశ్న రావచ్చును. సర్వమును త్యజింపబూనిన ముముక్షువునకు చెప్పిన మాటను, ఇంటికి తిరిగిరావలసిన బాటసారి అక్షరశః తన శరీరముపై ప్రయోగింపరాదు. అతడు గ్రహింపవలసినది చింతావిలాపముల రాహిత్యము. వానలో తడియుచు, ఫోనులో కిలోమీటర్ల లెక్క చూచుకొని, ‘నేడు నలుబది తగ్గినవి’ అని కుములువాని శరీరము తడిసినది గాని మనస్సునకు తితిక్ష అంటలేదు. తడిబట్టలతో నాలుగు గంటలు కూర్చుండి, లెక్క మరచి, వానను వానగా చూడగలిగినవానికే అది కొంత అలవడినది. తపస్సు విషయమునను గీత స్పష్టముగా విభజించినది. సత్కారమునకై, మానమునకై దంభముతో చేయునది రాజసము. మూఢమైన పట్టుదలతో తన్ను తాను పీడించుకొనునది తామసము. ఛాయాచిత్రమునకై తడియుట మొదటిది. జ్వరము వచ్చినను ఆగకుండుట రెండవది.

ఆ యువకుడు చేరబోవు హంపీ ప్రాంతమే సంప్రదాయమున కిష్కింధ. అచ్చటి మాల్యవంతగిరిపై రఘునాథాలయము కలదు. శ్రీరాముడు వర్షాకాలము గడపిన కొండ అదియేయని భక్తుల విశ్వాసము. కిష్కింధాకాండను పరిశీలింపుడు. సీత రావణుని చెరలో ఉన్నది. ఒక్కొక్క దినము ఒక్కొక్క యుగము. అయినను, ఇది ప్రయత్నమునకు సమయము కాదని సుగ్రీవునితో తానే పలికి, వానలు వెలియువరకు రాముడు గిరిగుహలో నిలిచెను. దుఃఖింపలేదని కాదు, దుఃఖించెను, లక్ష్మణుడు ఓదార్చెను. అంతటి అవసరము గలవాడే ఆగినప్పుడు, విహారమునకై వెడలినవానికి ఆగుట అవమానమెట్లగును?

‘ఇట్లనినచో సోమరికి సాకు దొరకును గదా’ అను ఆక్షేపము సహజము. దానికి సమాధానమును అదే కాండ ఇచ్చుచున్నది. వానలు వెలిసి ఆకాశము తేటపడినను సుగ్రీవుడు భోగములలో మునిగి కదలలేదు. అప్పుడు రాముడు ఉపేక్షింపక లక్ష్మణుని పంపెను. వానలో ఆగుట వివేకము. వాన వెలిసిన పిమ్మటను కదలకుండుట తమస్సు. పైకి రెండును కూర్చుండుటయే, భేదము లోపలనున్నది. వివేకియైనవాడు ఆగినచోట గొలుసును తుడిచి నూనె వేయును, బ్రేకులు సరిచూచును, చీకటిపడుటకు ఎంత వ్యవధి యున్నదో గమనించును, తెరపి రాగానే లేచును. సోమరి తెరపిని చూచియు మరియొక మబ్బును వెదకును.

ఈ ధర్మమునకు రెండవ కొన కలదు. భిక్షువు వర్షర్తువున ఒకేచోట నిలువవలెనని గౌతమధర్మసూత్రము విధించినది. నేటికిని యతులు ఆషాఢపూర్ణిమనాడు వ్యాసపూజతో చాతుర్మాస్యమును ఆరంభింతురు. వానకు వెలువడు సూక్ష్మప్రాణులను, మొలకలను త్రొక్కకుండుట దీనికి ఒక హేతువు. కాని యతి నిలువవలెనన్నచో చోటిచ్చు గృహస్థుడు ఉండవలెను. ఆగుమని ఒకనికి చెప్పిన శాస్త్రమే, ఆగినవానిని త్రోసిపుచ్చవలదని మరియొకనికి చెప్పినది. ఆశ్రయము కోరి వచ్చినవానిని కాదనకుండుట వ్రతమని తైత్తిరీయోపనిషత్తు ఉపదేశము. కఠోపనిషత్తులో నచికేతుడు మూడు రాత్రులు తన యింట నిరాహారుడై ఉండినందుకు, యముడంతటివాడు నమస్కరించి మూడు వరములతో ఆ దోషమును తీర్చుకొనవలసివచ్చెను.

నేడు వానలో తడిసిన సైకిలు యాత్రికునకు ఆశ్రయమిచ్చునవి పెట్రోలు బంకు, టీ కొట్టు, బస్సు షెల్టరు. బాటసారులకై పూర్వులు కట్టించిన సత్రములు, ఆలయముల వెలుపలి మండపములు అనేకచోట్ల ఇనుపకటకటాల వెనుక మూయబడియున్నవి. దొంగల భయము నిజమే. గర్భాలయమునకును హుండీకిని తాళము ఉండవలసినదే. కాని బయటి మండపమున రాతిస్తంభములు తప్ప దొంగిలింపదగినది ఏమున్నది? వర్షాకాలమునందైనను ఒక మండపమును తెరచి, పొడినేలను, మంచినీటి కుండను, ఒక తువ్వాలును ఉంచుట ఆలయమునకు గాని, గ్రామమునకు గాని భారము కాదు. వచ్చినవాని ఊరు, కులము, గోత్రము అడుగకముందే కూర్చుండుమనవలెను. తిథి చెప్పక వచ్చువాడు అతిథి యని పెద్దల వివరణము. వాన తెచ్చినవానికంటె తిథి చెప్పనివాడు మరియెవడు?

యాత్రికుడు ఆగుటకు సిగ్గుపడరాదు. ఊరు చోటిచ్చుటకు సందేహింపరాదు. నేడు చేరినను, ఎల్లుండి చేరినను మాల్యవంతగిరి అచ్చటనే యుండును. బయలుదేరినవాడు క్షేమముగా చేరుట ముఖ్యము.

స్వస్తి.