మాటలు ఆలస్యమైతే ఊరుకోకండి

“వాళ్ళ నాన్నకూ ఆలస్యంగానే మాటలొచ్చాయి” అంటారు పెద్దలు. అది నమ్ముకుని కూర్చోకండి. బిడ్డ సాధారణంగా 4వ నెలకు మెడ నిలపాలి, 9వ నెలకు ఆసరా లేకుండా కూర్చోవాలి, ఏడాదిన్నరకు నడవాలి, అమ్మ, అత్త వంటి మాటలు కొన్నైనా పలకాలి. మాటలు రాకుంటే ముందు చెవులు పరీక్ష చేయించండి.

అజీజ్‌నగర్ వంటి ఊళ్ళలో ఉంటే అంగన్‌వాడీ టీచరుతో చెప్పండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం డాక్టర్లు ఉచితంగా చూస్తారు. బుద్ధి ఎదుగుదలపై అనుమానముంటే, సికిందరాబాదు మనోవికాస్ నగర్‌లో 1984లో నెలకొల్పిన జాతీయ సంస్థ ఉంది. అక్కడ తల్లిదండ్రులకూ శిక్షణ ఇస్తారు. ఇంట్లో రోజూ చేయించవలసింది మీరే కదా!

అత్తగార్లకొక మాట. ఇది తల్లి తప్పు కాదు. కోడలిని ఆడిపోసుకోవడం మాని, రోజుకో గంట బిడ్డను మీరెత్తుకోండి.